పసివారి ‘నాది’ - చదువు ఎవరి సొత్తు?

రెండవ తరగతి గదిలో ఇద్దరు పిల్లలు ఒక పెన్సిలు ముక్క కొరకు పెనగులాడుచున్నారు. “నేల మీద నాకు దొరికింది, నేనే ముందు తీశాను” అని ఒకడు. “మా నాన్న కొన్నాడు, పొద్దున నా జేబులోంచి పడిపోయింది” అని రెండవవాడు. తరగతిలోని తక్కిన పిల్లలందరును న్యాయాధిపతులైరి. కొందరు దొరికినవానిదనిరి, ఎక్కువమంది పోగొట్టుకొన్నవానిదనిరి. ఉపాధ్యాయుడు పెన్సిలును దాని సొంతదారునకు ఇప్పించి, నల్లబల్ల మీద వ్రాసియున్న మూడవ ఎక్కమును చూపి, “పెన్సిలు ఎవరిదో తేలింది. మరి ఈ ఎక్కం ఎవరిది?” అని అడిగెను.

పిల్లలు నవ్విరి. “మాస్టారూ, మీదే” అని ఒకడనెను. “పుస్తకానిది” అని మరియొకడనెను. “ఎవరికి వస్తే వాళ్లది” అని మూడవవాడనెను. చివరి వరుసలో కూర్చున్న ఒక బాలిక మాత్రము బదులు చెప్పక ఆలోచించుచుండెను.

ఇట్టి దృశ్యము ఏ ఊరి బడిలోనైనను కానవచ్చును. పిల్లల జవాబులు నవ్వు పుట్టించునవే యైనను వాని వెనుక గట్టి సంగతి కలదు. ఎక్కము మాస్టారిది అనుకొను పిల్లవాడు దానిని పరీక్షనాడు మాస్టారికే అప్పగించి, మరునాటికి మరచిపోవును. పుస్తకానిది అనుకొనువాడు పుస్తకము మూసినంతనే చేతులెత్తివేయును. వచ్చినవానిదే అనుకొనువాడు తన నోటుపుస్తకమును ప్రక్కవానికి కనబడకుండ మోచేతితో కప్పుకొనును. చదువు ఎవరి సొత్తు అను ప్రశ్నకు పిల్లవాడు తన మనసులో ఏ జవాబు చెప్పుకొనునో, అతని చదువు ఆ త్రోవనే నడచును. కనుక పిల్లలలో ‘నాది’ అను భావము ఎట్లు పుట్టి పెరుగునో, నేర్చుటను గూర్చి పిల్లలును పెద్దలును ఏమి తలంతురో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తెలిసికొనవలసియున్నది.

‘నాది’ అను మాట పుట్టుక

శిశువునకు మాటలు వచ్చిన కొలదికాలమునకే ‘నాది’ అను మాట వచ్చును. పెద్దలు దానిని విని, “అప్పుడే ఎంత స్వార్థమో!” అని నవ్వుకొందురు, కొందరు కసరుదురు. కాని ‘నేను’ అను భావము కుదురుకొనుటకు ‘నాది’ అను మాట తోడుపడుచున్నది. అమెరికా దేశపు మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లో ప్రకటించిన తన మహాగ్రంథమున ‘నేను’, ‘నాది’ అను రెంటి నడుమ గీత గీయుట కష్టమని వివరించెను. మనుష్యుడు తన దేహమునే గాక తన బట్టలను, ఇంటిని, ఆప్తులను, తాను చేసిన పనిని గూడ తనలోని భాగములుగానే ఎంచుకొనునని ఆయన తలపు. పసివాని చేతిలోని బొమ్మను లాగికొన్నప్పుడు వాడు అంతగా ఏడ్చుటకు కారణమిది. పోయినది బొమ్మయే యైనను వానికి తనలో కొంత పోయినట్లు తోచును.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున 1924 నుండి 1927 వరకు మాల్టింగ్ హౌస్ అను బడిని నడిపిన సుసాన్ ఐజాక్స్ పిల్లల ఆటలను, తగవులను ఓపికతో గమనించి వ్రాసిపెట్టి, 1933లో గ్రంథముగా ప్రకటించెను. దేశము వేరైనను ఆ పిల్లల వాదములు మన వాకిళ్లలో వినబడు వాదములే: ముందు నేను పట్టుకొన్నాను, ముందు నేను అడిగినాను, ఇది నాకిచ్చినారు, ఇది నేను చేసినాను.

వీనిలో పసివారికి మొదట బలముగా తోచునది “ముందు పట్టుకొనుట”. కెనడా పరిశోధకులు ఫ్రీడ్‌మన్, నియరీ 2008లో ప్రకటించిన ప్రయోగములలో 2 మొదలు 4 ఏండ్ల పిల్లలకు చిన్న కథ చెప్పిరి. ఒక బొమ్మతో మొదట ఒకరు ఆడుకొందురు. తరువాత మరియొకరు ఆడుకొందురు. బొమ్మ ఎవరిది? మొదట ఆడుకొన్నవారిదే యని పిల్లలు తీర్పు చెప్పిరి. కానుకగా ఇచ్చిన వస్తువు సంగతి ఏమని బ్లేక్, హ్యారిస్ అను పరిశోధకులు 2009లో పరిశీలించిరి. మరీ చిన్నవారికి ఇచ్చివేసిన పిమ్మట గూడ వస్తువు మొదటివానిదిగానే తోచెను. ఇచ్చినది పుచ్చుకొన్నవారిదగును, దొంగిలించినది దొంగది కాదు అను భేదము 4, 5 ఏండ్ల వయస్సున స్థిరపడుచున్నది. పండుగనాడు పినతల్లి కుమారునికి తన బొమ్మనిచ్చి, సాయంకాలమునకే దానిని మరల గుంజుకొను మూడేండ్ల పిల్లవానిని “ఇచ్చి పుచ్చుకుంటావా, తప్పు కాదూ!” అని దండించుట ఎంత తొందరపాటో దీనివలన తెలియును. ఇచ్చుట యనగా ఏమో వానికి ఇంకను పూర్తిగా తెలియలేదు.

ఇంకొక సంగతి గమనింపదగినది. 2011లో జర్మనీ దేశపు లైప్‌జిగ్ నగర పరిశోధకులు ఒక కీలుబొమ్మచేత పిల్లల వస్తువులను తీయించి చూచిరి. తమ వస్తువును తీసినప్పుడు 2 ఏండ్ల పిల్లలును అడ్డగించిరి. ఇతరుల వస్తువును తీసినప్పుడు ఊరకుండిరి. 3 ఏండ్ల పిల్లలు ఇతరుల వస్తువు కొరకు గూడ అడ్డుపడిరి. “నాది” అను మాట యొక్క బలము తెలిసినవానికే “నీది” అను మాట యొక్క న్యాయము తెలియును. తనదని చెప్పుకొనుటకు ఏమియు లేని పిల్లవానికి పరుల సొమ్మును గౌరవించుమని బోధించుట కష్టము.

చేసినవానికి చెందును

ముందు పట్టుకొనుట ఒక న్యాయమైనచో పాటుపడుట రెండవ న్యాయము. ప్రకృతిలో ఎవరిదియు కాని వస్తువునకు మనుష్యుడు తన శ్రమను జోడించినప్పుడు అది వానిదగునని 17వ శతాబ్ది చివర ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ వాదించెను. ఏ గ్రంథమును చదువని పసివారు ఈ న్యాయము నెరుగుదురా? ఇంగ్లండులో కాన్‌గీసర్, ఆమె సహచరులు 2010లో దీనిని పరీక్షించిరి. ఒకరి బంకమన్నును మరియొకరు తీసికొని దానితో క్రొత్త బొమ్మను చేసినచో ఆ బొమ్మ ఎవరిదగును? 3, 4 ఏండ్ల పిల్లలు చేసినవారి వైపు మొగ్గిరి. పెద్దలలో ఆ మొగ్గు తక్కువగా కనబడెను. మన్ను ఎవరిదను ప్రశ్న వారిని పట్టుకొని వదలలేదు.

మన ఊళ్లలో దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఇల్లు కట్టుటకు పోసిన ఇసుకకుప్ప మీద పిల్లలు పాదములు పూడ్చి పిచ్చుకగూళ్లు కట్టుదురు. ఇసుక ఇంటివారిదని పిల్లలందరికి తెలియును. అయినను గూడు మాత్రము కట్టినవానిది. దానిని మరియొకడు తన్నినచో కట్టినవాడు కంటనీరు పెట్టుకొనును. తక్కిన పిల్లలును వాని పక్షమే వహింతురు. ఇంటి యజమాని వచ్చి, “ఇసుక నాది గదా, మీకెందుకు గొడవ?” అన్నచో ఆ మాట వారికి అర్థమే కాదు.

ఇదే న్యాయమును బడిపనికి అన్వయించి చూడవలెను. ప్రదర్శనమునకై అట్టలతో ఇల్లు చేసి తెమ్మని బడిలో చెప్పుదురు. తండ్రి రాత్రి పొద్దుపోవువరకు కూర్చుండి అందమైన ఇల్లు చేసియిచ్చును. మరునాడు పిల్లవాని పేర బహుమానము వచ్చును. ఇంటికి వచ్చిన పిల్లవాడు బహుమానమును ఒక మూల పెట్టి ఆటకు పోవును. తండ్రికి అది అర్థము కాదు. చేసినవానికి చెందునను న్యాయము పిల్లవానికి మూడేండ్ల నాడే తెలిసినది గనుక, తనది కాని గెలుపును వాడు తనదిగా ఎంచుకొనలేదు. వంకర గోడలతో వాడే చేసిన ఇల్లైనచో, బహుమానము రాకున్నను, దానిని నెలలకొలది మంచము క్రింద దాచుకొనియుండును.

ఆలోచన గూడ సొత్తగునా?

వస్తువు కంటికి కనబడును. ఆలోచన కనబడదు. కనబడనిదానికి సొంతదారు ఉండునని పిల్లలు ఎప్పుడు గ్రహింతురు? అమెరికాలో ఓల్సన్, షా 2011లో ప్రకటించిన పరిశీలనలో, సొంతముగా బొమ్మ గీసినవారిని, ప్రక్కవారిది చూచి అట్లే గీసినవారిని పిల్లల ఎదుట ఉంచి తీర్పు అడిగిరి. 5, 6 ఏండ్లు వచ్చిన పిల్లలు చూచి గీసినవారిని మెచ్చలేదు. అంతకంటె చిన్నవారికి ఆ భేదము పట్టలేదు. ఈ పరిశోధకులే మరియొకరితో కలిసి 2012లో చేసిన పరిశీలనలో, 6 ఏండ్ల పిల్లలు వస్తువులకు వర్తించు న్యాయములనే ఆలోచనలకు వర్తింపజేయుదురనియు, 4 ఏండ్లవారు అట్లు చేయరనియు తేలినది.

నాలుగేండ్లవారిని గూర్చి ఇంకొక చిత్రమైన సంగతి కలదు. మార్జొరీ టేలర్, ఆమె సహచరులు 1994లో ప్రకటించిన ప్రయోగములలో ఆ వయస్సు పిల్లలకు ఒక క్రొత్త సంగతిని అప్పటికప్పుడు నేర్పి, “ఇది నీకు ఎప్పటి నుండి తెలుసు?” అని అడిగిరి. చాలమంది తమకది ఎప్పుడో తెలిసినదే యనిరి. వారు అబద్ధమాడలేదు. తెలిసిన క్షణమున ఆ సంగతి తమలో కలిసిపోయినది; ఎవరు చెప్పిరో, ఎప్పుడు చెప్పిరో ఆ జాడ నిలువలేదు. బొమ్మ విషయమున అంత గట్టిగా “నాది” అను పసివాడు, తెలివి విషయమున నాది, నీది అను గీతనే గీయుటలేదు.

ఈ రెంటిని జోడించి చూచినచో ఒక విషయము స్పష్టమగును. నాలుగేండ్లనాడు తెలివికి కంచె లేదు. ఆరేండ్లనాటికి కంచె లేచినది. సరిగా ఆ వయస్సుననే పిల్లవాడు ఒకటవ తరగతి గడప దాటుచున్నాడు. చూచి వ్రాయుట తప్పు అను న్యాయబుద్ధి వానిలో అప్పుడే మొలకెత్తినది, అది మంచిదే. కాని దానితోపాటు, “నాకు వచ్చినది ఇతరులకు రారాదు” అను దురాశ గూడ మొలకెత్తవచ్చును. ఏ మొలకకు నీరు పోయవలెనో నిర్ణయించువారు పెద్దలు. మార్కుల పట్టికను గోడకంటించి, ఒకడు పైకెక్కవలెనన్న మరియొకడు క్రిందికి దిగవలెనని చూపునప్పుడు రెండవ మొలకకే నీరు పోసినట్లగును.

నేర్చుటను గూర్చి పెద్దల తలపులు

పిల్లల తలపులు పెద్దల తలపులనుండి పుట్టునవే. స్వీడను దేశములో రోజర్ సెల్యో 1979లో 90 మందిని కలిసికొని, “నేర్చుకొనుట యనగా మీ దృష్టిలో ఏమి?” అని అడిగెను. జవాబులు అయిదు తెగలుగా తేలినవి. తెలిసినవాని సంఖ్య పెరుగుట; కంఠస్థము చేయుట; పనికివచ్చు సంగతులను సంపాదించి దాచుట; అర్థమును గ్రహించుట; లోకమును అర్థము చేసికొనుటకై తెలిసినవానిని అన్వయించుట. మొదటి మూడింటిలో చదువు వెలుపలనుండి లోపలికి తెచ్చి పోయు సరకు. తుది రెంటిలో చదువు నేర్చువాడు తనలో కట్టుకొను కట్టడము. అదే దేశములో ఇంగ్రిడ్ ప్రామ్లింగ్ 1983లో ప్రకటించిన గ్రంథమున పసిపిల్లల తలపులు కలవు. వారికి నేర్చుకొనుట యనగా మొదట ఒక పని చేయ నేర్చుట. పిదప ఒక సంగతి తెలియుట. ఆ పిదప అర్థము చేసికొనుట. బ్రెజిలు దేశపు విద్యావేత్త పౌలో ఫ్రెయిరె, ఉపాధ్యాయుడు సొమ్ము జమ కట్టువాడు, విద్యార్థి ఖాళీ ఖాతా అను పద్ధతిని తీవ్రముగా విమర్శించెను. అన్నా స్ఫార్డ్ అను విదుషి 1998లో వ్రాసిన వ్యాసమున, నేర్చుటను ‘సంపాదన’గా చూచు ఉపమానము ఒకటి, ‘పాలుపంచుకొనుట’గా చూచు ఉపమానము మరియొకటి కలవనియు, ఏ ఒక్కదానినో పట్టుకొని రెండవదానిని విడుచుట ప్రమాదమనియు హెచ్చరించెను.

తెలుగు భాష ఈ విషయమున మంచి సాక్ష్యము పలుకుచున్నది. “చదువు ఎక్కలేదు” అందురు. అప్పుడు చదువు సరకు, బుర్ర అటక. “చదువు అబ్బినది” అందురు. అప్పుడది భాగ్యవశమున కలిసివచ్చినది. “ఒంటబట్టినది” అందురు, అప్పుడది అన్నము వలె రక్తములో కలిసినది. అన్నింటికంటె లోతైన మాట “చదువుకొనుట”. వండుకొను, కుట్టుకొను, దిద్దుకొను అనుచోట్ల వలె ఇచ్చట ‘కొను’ అనునది ఫలము చేసినవానికే చెందునని తెలుపును. ఒకరి అన్నమును మరియొకరు వండిపెట్టవచ్చును. ఒకరి బట్టను మరియొకరు కుట్టిపెట్టవచ్చును. ఒకరి చదువును మరియొకరు చదువుకొని పెట్టజాలరు. డబ్బిచ్చి ‘చదువు కొనుట’ వేరు, ‘చదువుకొనుట’ వేరు. నడుమనున్న చిన్న ఖాళీలో పిల్లవాని శ్రమ యంతయు ఉన్నది.

పరీక్షపత్రములో “సొంత మాటలలో వ్రాయుము” అని అడుగుట అందరు ఎరిగినదే. మాటలు ఎవరి సొంతము? ఒక్క మాటయు పిల్లవాడు పుట్టించినది కాదు. తల్లి, అవ్వ, వీధి, బడి ఇచ్చిన మాటలే. అయినను వానిని తన బుద్ధితో ఏర్చి కూర్చినప్పుడు వాక్యము వానిదగును. ఇసుక ఇంటివారిది, గూడు కట్టినవానిది అను న్యాయమే ఇచ్చటను చెల్లును. మార్గదర్శిని పుస్తకమునుండి దింపిన జవాబు ఎంత అందమైనదైనను ఎరువు సొమ్మే. “ఎరువు సొమ్ము బరువు చేటు” అని పెద్దలన్నది నగలను గూర్చియే కానక్కరలేదు.

ఏకలవ్యుని విద్య ఎవరిది?

విద్యను ధనముతో పోల్చుట మనకు క్రొత్త కాదు. భర్తృహరి నీతిశతకమును ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసినప్పటినుండి, విద్య దొంగలకు దొరకని ధనమనియు, ఇచ్చినకొలది పెరుగు ధనమనియు తెలుగు పిల్లలు వల్లించుచున్నారు. ఈ పోలికలో రెండు భాగములు కలవు. దొంగిలింపరానిది అను మొదటి భాగమును అందరు పట్టుకొనిరి. ఇచ్చినచో పెరుగును అను రెండవ భాగమును చాలమంది మరచిరి. పెన్సిలు నిచ్చినవానికి పెన్సిలు ఉండదు. ఎక్కమును నేర్పినవానికి ఎక్కము మునుపటికంటె గట్టిగా ఉండును. వస్తువుల న్యాయమును చదువునకు పూర్తిగా వర్తింపజేయరాదనుటకు ఇదియే హేతువు.

వర్తింపజేసినచో ఏమగునో భారతములోని ఏకలవ్యుని కథ చెప్పుచున్నది. ద్రోణుడు శిష్యునిగా గైకొనలేదు. ఏకలవ్యుడు అడవిలో మట్టితో ద్రోణుని ప్రతిమను చేసికొని, దాని ఎదుట ఒంటరిగా సాధన చేసి విలువిద్యలో ఆరితేరెను. ఆ సంగతి తెలిసిన ద్రోణుడు గురుదక్షిణగా కుడిచేతి బొటనవ్రేలిని అడిగెను, ఏకలవ్యుడు ఇచ్చెను. ఈ కథను గురుభక్తికి దృష్టాంతముగా చెప్పుట వాడుక. కాని పిల్లల న్యాయసభలో దీనిని పెట్టి చూడవలెను. ప్రతిమ చేసినవాడు ఎవరు? బాణములు వేసినవాడు ఎవరు? పగలనక రేయనక పాటుపడినవాడు ఎవరు? ఆ విద్య ఎవరిది? పిచ్చుకగూడు విషయమున తీర్పు చెప్పిన పిల్లలు ఇచ్చట తడుముకొనరు. చదువును కొందరి సొత్తుగా ఎంచి కంచె వేసినప్పుడెల్ల ఎవరిదో ఒకరి బొటనవ్రేలు పోయినది. శూద్రులకు చదువేల, ఆడుపిల్లకు చదువేల అను మాటలు అట్టి కంచెలే.

కాయకము, దాసోహము

12వ శతాబ్దమున కల్యాణ నగరములో బసవేశ్వరుడును శరణులును ఈ కంచెను కదలించిరి. వచనములు సంస్కృతమున గాక జనుల నోటనున్న కన్నడమున వెలువడినవి. పలికినవారిలో బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, అక్కమహాదేవి వంటి స్త్రీలు కలరు. తెలుగున పాల్కురికి సోమనాథుడు అందరికి తెలియు జానుతెనుగును మెచ్చి, ద్విపదలో బసవపురాణమును రచించెను. అనుభవము ఒక కులము వారి పెట్టెలోని సొమ్ము కాదను నమ్మకము ఈ రెండు చోట్లను కనబడును.

సొత్తును గూర్చి శరణులు చెప్పిన రెండు మాటలు కాయకము, దాసోహము. తన చేతిపనితో ఆర్జించినదే తనది. ఆర్జించినదానిని పంచినప్పుడే దానికి సార్థకత. వరిగింజలు ఏరి జీవించు ఆయ్దక్కి మారయ్య ఒకనాడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ గింజలు తేగా, భార్య లక్కమ్మ మిగులును ఎక్కడివక్కడనే పోసి రమ్మని తిప్పి పంపినదని చెప్పుదురు. ఈ రెండు మాటలను చదువునకు అన్వయించినచో బాలుని చిక్కుముడి విడివడును. పాటుపడి నేర్చుకొనుట కాయకము. నేర్చినదానిని ప్రక్కవానికి చెప్పుట దాసోహము. మొదటిది లేనిచో చదువు తనది కాదు. రెండవది లేనిచో అది ఎదగదు.

ఆస్తి హక్కు, చదువు హక్కు

భారత రాజ్యాంగ చరిత్రలోను ఈ రెండు సొత్తుల దారులు వేరైనవి. మొదట ఆస్తి హక్కు ప్రాథమిక హక్కులలో ఒకటిగా ఉండెను. 1978 నాటి 44వ సవరణ దానిని ఆ వరుసనుండి తొలగించి, చట్టము కాపాడు హక్కుగా వేరొకచోట నిలిపినది. 2002 నాటి 86వ సవరణ 6 మొదలు 14 ఏండ్ల బాలబాలికల చదువును ప్రాథమిక హక్కుల వరుసలో చేర్చినది. దానిని అమలుపరచు చట్టము 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. చదువు ఇప్పుడు పిల్లవానికి దయతో ఇచ్చు దానము కాదు. అడిగి పుచ్చుకొనదగిన హక్కు. అయితే చట్టము బడి తలుపు తెరువగలదు, పుస్తకము ఇప్పింపగలదు. పుస్తకములోనిది పిల్లవానిదగుట మాత్రము పిల్లవాడు, ఉపాధ్యాయుడు, ఇంటివారు కలిసి చేయవలసిన పని.

ఇంటను బడిలోను చేయదగినవి

మొదటిది: పసివాని “నాది”ని ఎగతాళి చేయరాదు. వానికంటూ ఒక పెట్టె, ఒక గూడు ఉండనిచ్చి, దానిలోని వస్తువును ఇతరులకు ఇయ్యవలెనన్నచో వానినే అడుగవలెను. ఇచ్చుట, ఎరువిచ్చుట, మార్చుకొనుట అను మూటికి భేదమును వేరువేరు మాటలతో చెప్పవలెను. “ఇది నీదే, అన్న సాయంత్రం వరకు ఆడుకుని ఇచ్చేస్తాడు” అన్న ఒక్క వాక్యము పది దెబ్బలకంటె మేలు.

రెండవది: అందరివైన వస్తువులు గూడ ఉండవలెను. 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి భారతీయ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో ఒక్కొక్క ఉపకరణము తరగతికి ఒక్కటే యుండును. ఒకరు పని ముగించి దానిని చోట పెట్టువరకు మరియొకరు వేచియుందురు. వస్తువు అందరిది, చేసిన పని నాది అను పాఠము అచ్చట ఉపన్యాసము లేకయే అబ్బును.

మూడవది: పిల్లవాని పనిని పెద్దలు చేసిపెట్టరాదు. దారి చూపవచ్చును, ప్రశ్న వేయవచ్చును, తప్పును చూపవచ్చును. చేయి మాత్రము పిల్లవానిదై యుండవలెను.

నాలుగవది: మెచ్చుకోలు మాటను చూచి పలుకవలెను. అమెరికాలో మ్యూలర్, డ్వెక్ 1998లో ప్రకటించిన ప్రయోగములలో, “తెలివిగలవాడవు” అని మెచ్చుకొనబడిన 5వ తరగతి పిల్లలు కష్టమైన లెక్కలు ఎదురైనంతనే డీలాపడిరి. “బాగుగా పాటుపడితివి” అని మెచ్చుకొనబడినవారు ఓపికతో కొనసాగిరి. తెలివి పుట్టుకతో వచ్చిన ఆస్తి అనుకొన్నవానికి ఓటమి ఆ ఆస్తి పోయినట్లు తోచును. కృషి వలన వచ్చునది అనుకొన్నవానికి ఓటమి రేపటి పనిగా తోచును.

అయిదవది: ఎవరినుండి నేర్చుకొన్నది చెప్పు అలవాటు చేయవలెను. “ఈ లెక్క రాముడు చూపించాడు, తరువాత నేనే చేశాను” అని చెప్పుటలో సిగ్గు లేదు. చూచి వ్రాయుటకును చూచి నేర్చుకొనుటకును నడుమనున్న భేదము ఆ ఒక్క వాక్యములో కలదు.

ఆరవది: వచ్చినవానిచేత రానివానికి చెప్పించవలెను. చెప్పుచున్నప్పుడే తనకు తెలియనిది ఎక్కడ ఉన్నదో చెప్పువానికి తెలియును. ఇట్లు చెప్పినవానికి గూడ తరగతిలో గౌరవము దక్కవలెను. మొదటి మార్కు వచ్చినవానికి మాత్రమే దక్కినచో నోటుపుస్తకమును కప్పు మోచేతులు పెరుగును.

మరల ఆ రెండవ తరగతికి పోవుదము. మరునాటి ఉదయము చివరి వరుసలోని బాలిక ఉపాధ్యాయుని బల్ల దగ్గరకు వచ్చినది. “మాస్టారూ, నిన్న రాత్రి మా తమ్ముడికి మూడో ఎక్కం నేర్పాను. వాడికి సగం వచ్చింది” అన్నది. “మరి నీది?” అని ఆయన అడిగెను. బాలిక కన్నులు మూసికొని, పెదవులు కదలించుచు, ఎక్కమును మొదటినుండి చివరివరకు ఒకసారి చెప్పుకొని చూచినది. ఏడుమూళ్ల దగ్గర మాత్రము మునుపు తడబడుచుండెడిది. తమ్మునికి నాలుగుసార్లు చెప్పవలసి వచ్చినందున ఈసారి తడబడలేదు. కన్నులు తెరచి, “అంతా ఉంది మాస్టారూ” అన్నది.